అనుమతి వచ్చేలోగా

సరోజినీ నగర్‌లో మేము పెరిగిన క్వార్టర్లు ఇప్పుడు లేవు. వాటిని పడగొట్టి అంతస్తుల మీద అంతస్తులు లేపారు. పాత వరసల్లో ఏ ఇల్లు ఎక్కడ ఉండేదో పోల్చుకోవడం నాకే కష్టంగా ఉంటుంది. బజారుకి వెళ్ళినప్పుడల్లా ఒకసారి అటు తిరిగి చూస్తాను, చూసినందుకు నన్ను నేనే విసుక్కుని వచ్చేస్తాను. ఇళ్ళు పోయాయని పెద్ద బాధేమీ లేదు, పాతబడ్డ సర్కారు ఇళ్ళు ఎప్పటికైనా కూలేవే. ఆ ఇళ్ళలో మాకు నూరిపోసిన బుద్ధులు మాత్రం ఎక్కడికక్కడ అలాగే నిలబడి ఉన్నాయి. నా చిరాకంతా దాని గురించే.

ఈ చలికాలం మొదట్లో ఒక ఉదయం సుగుణ ఆంటీ ఫోన్ చేసింది. ఆ క్వార్టర్లలో మేము కింద ఉంటే వాళ్ళు మా నెత్తిమీదే పై ఇంట్లో ఉండేవారు. కరీంనగర్ వైపు వాళ్ళు. ఆంటీ ఇప్పుడు ఘజియాబాద్ దగ్గర కూతురు లత ఇంట్లో ఉంటోంది. పండక్కో పబ్బానికో ఫోన్లో పలకరించుకోవడమే తప్ప మేము కలుసుకుని చాలాకాలమైంది. "పద్మా, మీ వసంత్ కుంజ్ కాడ ఎవరో పిలగాన్ని పోలీసోళ్ళు కాల్చిన్రట గదా. టీవీల చూపిస్తున్నరు. ఆ పిలగానింటికి నన్ను తోల్కపోతవా? ఎప్పుడు లతనే తీస్కపోతది, ఇప్పుడు అది ఊళ్ళె లేదు," అంది. వాళ్ళు మీకు తెలుసా ఆంటీ అని అడిగాను. "తెల్వదు. తెలిసినోళ్ళ ఇంటికే పోవాల్నా?" అంది.

ఆ వార్త నాకు అప్పటికే తెలుసు. మా ఫ్లాట్ల వెనకున్న ఊళ్ళో కుర్రాడు, పేరు నితిన్, కాలేజీలో చేరి ఏడాది కూడా కాలేదు. పోలీసులు తనిఖీకి అడ్డుకర్రలు పెట్టే నాకా దగ్గర ఆగమంటే మోటర్‌సైకిల్ ఆపలేదట, కానిస్టేబుల్ మీదికి ఎక్కించబోయాడట, అందుకని కాల్చారట. ఎవరో ఇంటి మేడ మీంచి దూరంగా తీసిన వీడియోని మా అమ్మాయి ముందురోజు సాయంత్రం నాకు చూపించింది. అందులో బండి పడిపోయాక జరిగింది తప్ప ముందు జరిగింది లేదు. "మమ్మా, ఉస్కే కానోఁ మే ఇయర్‌ఫోన్ థే, బస్. వాడికి వినపడలేదు, అంతే," అంది మా అమ్మాయి, హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తూ. మా ఫ్లాట్ల గ్రూపులో మాత్రం అప్పటికే పెద్దమనుషులు తీర్పులు రాసేస్తున్నారు. హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదు అని ఒకరు, విచారణ పూర్తి కానివ్వండి అని ఇంకొకరు. ఆ రెండో మాట చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆ మాట మా ఇంటి ముందుగదిలో, మా నాన్న నోట నేను విన్నదే.

మా నాన్న ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. భీమవరం నుంచి వచ్చి ఢిల్లీలో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయనకు దేవుడెంతో సర్కారు ఉద్యోగుల కండక్ట్ రూల్సూ అంతే. ఆదివారం పొద్దున్నే వరండాలో పాత పేపరు పరిచి ఇంటిల్లిపాది బూట్లూ దాని మీద బారుగా పెట్టి పాలిష్ చేసేవారు. ఆ పాలిష్ వాసనా, లోపల అమ్మ పెట్టే ఇంగువ పోపు వాసనా కలిసిపోయి, ఇప్పటికీ ఎక్కడ ఇంగువ వాసన వచ్చినా నాకు నల్లబూట్లు గుర్తుకొస్తాయి. ఆ సమయానికే కాలనీలో వాళ్ళు ఒక్కొక్కరూ వచ్చేవారు. ఊళ్ళో పొలం అమ్ముకుంటే ఆఫీసులో చెప్పాలా, భార్య ట్యూషన్లు చెప్పుకోవచ్చా, మామగారు పెళ్ళిరోజుకి ఫ్రిజ్ కొనిస్తే తీసుకోవచ్చా. నాన్న బ్రష్ పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, రూలు నంబరుతో సహా చెప్పేవారు. చెప్పాక ఎవరికైనా చివరి మాట ఒకటే. "ఎందుకైనా మంచిది, ఒక కాగితం పెట్టి ఉంచండి." మా అమ్మమ్మ నాకు గొలుసు పెడితే దానికీ ఒక కాగితం పెట్టిన మనిషి ఆయన. అమ్మ దెప్పేది, "నేను రేపు పచ్చడి మార్చి పడితే దానికీ పెట్టండి" అని.

పిల్లలమైన మాకు ఆ కాలనీలో బూచాడు పోలీసు వెరిఫికేషన్. సర్కారు ఉద్యోగం ఇచ్చేముందు మనిషి గురించి పోలీసులు వాకబు చేస్తారు కదా, ఆ వాకబులో మన పేరు మీద చిన్న మచ్చ కూడా ఉండకూడదని మాకు ఉగ్గుపాలతో పట్టించారు. బంతి తగిలి ఎవరింటి అద్దమైనా పగిలితే వెరిఫికేషన్. హోలీ నాడు బస్సు మీదికి రంగునీళ్ళ బెలూన్ విసిరితే వెరిఫికేషన్. సైకిల్ మీద ఇద్దరు ఎక్కితే కూడా అదే. నేరం చేయకండి అని మాకెవరూ చెప్పినట్టు గుర్తులేదు. కాగితం మీదికి ఎక్కకండి అని మాత్రం రోజూ చెప్పారు. పోలీసు కనపడితే పక్కకి తప్పుకోవాలి, పిలిచినా పలక్కుండా ఇంటికొచ్చెయ్యాలి అన్నది మేము మాకు మేముగా తీసుకున్న అర్థం.

సుగుణ ఆంటీ భర్త నర్సింగరావు అంకుల్ ఇంకో ఆఫీసులో అసిస్టెంటు. గట్టిగా దగ్గితే ఎవరికి ఇబ్బందో అనుకునే మనిషి. నాన్నని సార్ అనే పిలిచేవారు, నాన్న వద్దన్నా మానలేదు. ఆంటీ అలా కాదు. చలికాలంలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా మేడ మీద నులక మంచాలు వేసుకుని ఎండ కాగుతూ బఠానీలు ఒలుస్తుంటే ఆవిడ గొంతే పై వరసలో వినిపించేది. పంజాబీ ఆంటీల దగ్గర స్వెటర్లు అల్లడం నేర్చుకుని వాళ్ళకంటే వేగంగా అల్లేది. డబ్బా నిండా సకినాలు పట్టుకొచ్చి మధ్యలో పెట్టేది. "మీ సకినాలు పళ్ళూడగొట్టేస్తాయి వదినా" అంటూనే మా అమ్మ సగం డబ్బా ఖాళీ చేసేది. "ఊడగొట్టుకుంటనే తింటున్నవ్ గద వదినా" అనేది ఆంటీ. నల్లుప్పు అద్దిన నారింజ తొనలు, ఊలు ఉండలు, ఎండకి పరిచిన రజాయిల పాతదూది వాసన. మా అమ్మ అంతగా నవ్వడం నేను ఆ మేడ మీదే చూశాను.

వాళ్ళబ్బాయి మోహన్ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. తెల్లారగానే బూత్‌కి వెళ్ళి, మిషన్లో టోకెన్ వేసి వాళ్ళకీ మాకూ పాలు పట్టుకొచ్చేవాడు. మెట్ల మీద నేను పుస్తకంతో కనిపిస్తే "జరుగు కలెక్టరమ్మా, పాలు ఒలికితే నీ పుస్తకమే పాడైతది" అనేవాడు. వాడికి గుమాస్తా గ్రేడు పరీక్ష పాసైనట్టు వచ్చిన రోజు అంకుల్ మొదటిసారి పెద్దగా నవ్వి కాలనీ అంతా లడ్డూలు పంచారు. ఇక మిగిలింది వెరిఫికేషన్ ఒక్కటే. అది అయ్యేదాకా వాణ్ణి ఇల్లు కదలనివ్వకూడదని పెద్దవాళ్ళంతా కట్టగట్టుకున్నారు. క్రికెట్ బంద్. సినిమా బంద్. మా నాన్న కూడా వాణ్ణి పిలిచి, "ఈ కొన్నాళ్ళూ జాగ్రత్తరా అబ్బాయ్, ఒక్క చలాను కూడా ఉండకూడదు" అని చెప్పారు. సరే అంకుల్ అని వాడు తల ఊపడం నేను చూశాను.

వాడి స్నేహితుడు బంటీ పక్క బ్లాకు పంజాబీ వాళ్ళబ్బాయి. బంటీ అక్క పెళ్ళి దగ్గరపడింది, బ్యాండువాళ్ళతో మాట్లాడి రావాలి. వాడితో పాటు వెళ్ళడానికి ఆంటీ ఒక్క గంట అనుమతి ఇచ్చింది. మిట్టమధ్యాహ్నం, అంకుల్ స్కూటర్ మీద ఇద్దరూ వెళ్ళారు. మేమంతా మేడ మీద ఉన్నాం. కొంతసేపటికి కింద మెట్ల దగ్గర బంటీ ఏడుపు వినిపించింది. మేము దిగేసరికి వాడు గోడకి ఆనుకుని ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. రోడ్డు మలుపు తిరిగేసరికి ఎదురుగా పోలీసుల అడ్డుకర్రలు ఉన్నాయి. మోహన్ జేబు తడుముకున్నాడు, లైసెన్సు ఇంట్లో ఉండిపోయింది. "చలాన్ కట్ గయా తో వెరిఫికేషన్ మే ఆ జాయేగా యార్" అన్నాడు. చలాను రాస్తే అది వెరిఫికేషన్‌లోకి ఎక్కేస్తుందని బండి వెనక్కి తిప్పాడు. వెనక నుంచి రెండుసార్లు కాల్చారు. ఒకటి వాడి వీపులో దిగింది.

మాకు నేర్పిన బుద్ధి అది. దొంగ అయితే లైసెన్సు మరిచిపోయినందుకు అంత భయపడడు. తండ్రి ఉద్యోగానికి, తన ఉద్యోగానికి మచ్చ రాకూడదనుకున్న పిల్లవాడు మాత్రమే అలా బండి తిప్పుతాడు. ఆ మాట అర్థమయ్యేవాళ్ళు ఆ కాలనీలో తప్ప ఇంకెక్కడా ఉండరేమో అనిపిస్తుంది నాకు.

మర్నాడు పేపర్లో వచ్చింది. మెడలో గొలుసులు తెంపే ముఠా అట, ఆగమంటే మోహనే ముందు కాల్చాడట, స్కూటర్ పక్కన నాటు పిస్తోలు దొరికిందట. "మావోడు దీపావళికి టిక్కీల పిస్తోలు గూడ పట్టలే," అంది ఆంటీ. అప్పటికి ఆవిడ ఏడవడం ఆపేసింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఒక్కటే చెప్పేది. "మా కొడుకును తెచ్చియ్యలేరు, నాకు తెల్సు. వాడు కాల్చిండన్న మాట వాపస్ తీస్కోవాలె. గంతే. నాకింకేం వద్దు." ఆవిడకి కావలసింది అదొక్కటే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

బంటీ సాక్ష్యం చెబుతానన్నాడు. వాళ్ళ నాన్నకి బజార్లో బట్టల కొట్టు, గట్టి మనిషి. తనకి తెలిసిన వకీలు ఉన్నాడని, "చలో భాయీసాబ్, ఆజ్ హీ కచేరీ చల్తే హైఁ" అని, ఆ రోజే కోర్టుకి వెళ్దామని అంకుల్ చెయ్యి పట్టుకున్నాడు. అంకుల్ చెయ్యి విడిపించుకుని కిందికి, మా ఇంటికి వచ్చారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. అమ్మ కాఫీ కలుపుతోంది. "కేసు వేస్తే ఏమన్న అయితదా సార్?" అని అడిగారు అంకుల్. నాన్న చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. "చూడండి నర్సింగరావుగారూ, పోలీసుల మీద కేసంటే గవర్నమెంటు మీద కేసే. మనం గవర్నమెంటు సర్వెంట్లం. సొంత విషయానికి పర్మిషన్ అక్కర్లేదనే నా జ్ఞాపకం. కానీ ఎందుకైనా మంచిది, ఒక కాగితం పెట్టండి. ఎలాగూ పైవాళ్ళు విచారణ అంటున్నారు, అది పూర్తి కానివ్వండి. మీకింకా సర్వీసుంది, లత ఉంది." నాన్నే కూర్చుని ఆ దరఖాస్తు రాసిపెట్టారు. ఇంగ్లీషు చక్కగా రాసేవారు. అంకుల్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కి వెళ్ళారు.

ఆ కాగితం ఆఫీసులో ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడిచింది. ఎక్కడెక్కడ ఆగిందో నాన్న కనుక్కుని వచ్చి చెబుతుండేవారు. పైకి వెళ్ళిందంటే సంతోషించేవారు, కిందికి వచ్చిందంటే వివరణ అడిగి ఉంటారనేవారు. కూలర్లు బయటికి తీసి కొత్త గడ్డి పెట్టించారు. తడిసిన వట్టివేళ్ళ వాసన ఇల్లంతా నిండింది. బంటీ అక్క పెళ్ళి బ్యాండు లేకుండానే జరిగిపోయింది. అటు బజార్లో బంటీ వాళ్ళ కొట్టుకి రోజూ ఇద్దరు మఫ్టీ మనుషులు వచ్చి స్టూళ్ళ మీద కూర్చుని టీ తాగి పోయేవారు. ఏమీ అనేవారు కాదు. ఆ గట్టి మనిషి కొడుకుని జలంధర్‌లో వాళ్ళ మామయ్య దగ్గరికి పంపేశాడు. వానలు వచ్చాయి, పోయాయి. కూలర్లు లోపలికి వెళ్ళాయి. మేడ మీద మళ్ళీ రజాయిలు ఎండేస్తున్న రోజుల్లో జవాబు వచ్చింది.

అంకుల్ దాన్ని తీసుకుని నేరుగా మా ఇంటికే వచ్చారు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఈ విషయం మీ విధులకు సంబంధించినది కాదు కనుక మా అనుమతి అవసరం లేదు అని దాని సారాంశం. "అక్కర్లేదట సార్," అన్నారు అంకుల్. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "అవునండీ, నేను అనుకున్నదే," అన్నారు. ఆయన మనసులో ఏ చెడ్డా లేదు. రూలు తనకి సరిగ్గా గుర్తున్నందుకు అలవాటుగా వచ్చిన మాట అది. వంటింట్లోంచి అమ్మ తడిచేతులతో బయటికి వచ్చింది. మగవాళ్ళ మాటల్లో ఎప్పుడూ కలగజేసుకోని మనిషి. "అనుకున్నవారు ఆనాడే చెప్పొచ్చుగా," అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. నాన్న ఆ కాగితం మడత పెట్టబోయి పెట్టలేక అలాగే అంకుల్ చేతికిచ్చారు.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కేసు వేశారు. ఇన్నాళ్ళు ఏం చేశారని అడిగారు. అనుమతి కోసం ఆగామని కోర్టులో చెబితే అక్కడ ఎవరో నవ్వారట. జలంధర్ నుంచి వచ్చిన బంటీ, ఆ వేళ భయంతో కళ్ళు మూసుకున్నాను, ఏమీ చూడలేదు అని చెప్పి, ఆంటీ వైపు చూడకుండా బయటికి నడిచాడు. పైవాళ్ళ విచారణ కూడా పూర్తయింది, ఆత్మరక్షణ అని తేలింది. నర్సింగరావు అంకుల్ ఏ మచ్చా లేకుండా రిటైరై, ఏ మచ్చా లేకుండా పోయారు. నాన్నా పోయారు. ఆయన తప్పు ఒప్పుకోగా నేనెప్పుడూ వినలేదు, కానీ ఆ తర్వాత ఆదివారాలు ఎవరైనా సలహాకి వస్తే బూట్ల మీంచి తల ఎత్తేవారు కాదు. మా నాన్న మంచివాడు. చెడ్డవాడైతే నాకు ఇంత చిరాకు ఉండేది కాదు. తిట్టేసి ఊరుకునేదాన్ని.

ఆంటీ ఫోన్ పెట్టేశాక ఇదంతా కదిలింది. ఆ ఉదయమే ఘజియాబాద్ వెళ్ళి ఆవిణ్ణి కారెక్కించుకున్నాను. ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా చెప్పులు వేసుకుని, చేతికర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడే ఉంది. కారులో మెల్లగా బయటపెట్టింది, ఇలా చాలా ఇళ్ళకు వెళ్ళిందట. ఢిల్లీ చుట్టుపక్కల ఎక్కడ ఇలాంటి వార్త విన్నా లత కారు తీయాల్సిందేనట. "కొందరు లోపటికి రానియ్యరు. ఎన్జీవోనా అంటరు, టీవీదానివా అంటరు. తల్లిని అంట," అంది. వెళ్ళి ఏం చెబుతారు అని అడిగాను. "ఎవల్నీ అడగకున్రి అని చెప్త. మా ముచ్చట చెప్త." మళ్ళీ తనే అంది. "నన్నెవలు అడిగిన్రు బిడ్డా ఆనాడు? మీ నాయన, మా ఆయన కింద కూసోని మాట్లాడుకున్నరు. నేను పైన బియ్యం ఏరుకుంట కూసున్న. నన్నడిగితే బంటీ నాయిన వెంట నేను ఉరికేదాన్ని గద." మా నాన్న మాట రాగానే నేను ఏదో అనబోయాను. "నిన్ననుడు లేదు, ముందట జూసి నడుపు," అంది.

నితిన్ వాళ్ళ ఇల్లు సందులో రెండు గదులు. జంబుకానా మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. తండ్రి రాంపాల్ ఒక ఆఫీసులో కారు డ్రైవరు, తెల్ల యూనిఫారం ప్యాంటు మీదే ఉన్నాడు. ఆంటీ గోడకి ఆనుకుని కూర్చుంది. వచ్చిన పని వెంటనే మొదలుపెట్టింది. ఆవిడ హిందీ ఇన్నేళ్ళకీ కరీంనగర్ హిందీయే. రిపోర్టు ఇచ్చావా అని అడిగింది. ఇవ్వలేదన్నాడు రాంపాల్. "మా సాబ్ పైవాళ్ళతో మాట్లాడతానన్నారు మాతాజీ. ఆయన చెప్పేదాకా ఆగమన్నారు. సాబ్ మంచివారు." ఆ మాట విని నేను గోడవైపు తిరిగాను. మంచివారు. ఎక్కడికి పోయినా మంచివాళ్ళే.

ఆంటీ తన కథ చెప్పింది. పొడిగా, చకచకా చెప్పింది, ఏడవలేదు. అనుమతి అక్కర్లేదని జవాబు వచ్చిన దగ్గరికి వచ్చి ఆగింది. రాంపాల్ తల దించుకుని విన్నాడు. "మీరు ఆగి ఓడిపోయారు. నేను ఆగకుండా వెళ్తే గెలుస్తానా మాతాజీ?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. ఆంటీ అతన్ని వదిలేసి అతని భార్య వైపు తిరిగింది. ఆవిడ గది మూల కొడుకు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "గెలుస్తావని నేను అనడం లేదు. ఇంకా వాళ్ళు అబద్ధం పూర్తిగా తయారు చేసుకోలేదు, అంతే. అక్కడ ఎదురుగా ఎవరి కెమెరా అయినా ఉందా బేటీ?" అని అడిగింది. ఉంది, మిఠాయి దుకాణం వాళ్ళది నాకా వైపే తిరిగి ఉంటుంది అంది ఆవిడ. కొడుకు బండి ఆపడానికి చూశాడో, పోలీసు మీదికి ఎక్కించబోయాడో అందులో కనిపిస్తుంది. కెమెరా బొమ్మలు దాచుకునే డబ్బాలో కొన్నాళ్ళవే ఉంటాయి, తర్వాత వాటి మీదే కొత్తవి పడిపోతాయి అని ఆంటీ చెప్పింది. ఇళ్ళిళ్ళూ తిరిగి నేర్చుకున్న సంగతి అది. రాంపాల్ ఫోన్ తీశాడు, సాబ్‌ని ఒక్కమాట అడిగి వెళ్దాం అన్నాడు. భార్య తువ్వాలు పక్కన పెట్టి లేచి దుపట్టా సవరించుకుంది. "చలియే మాతాజీ," అంది. అతను ఫోన్ చేతిలో పట్టుకునే మా వెనక వచ్చాడు.

మిఠాయి దుకాణం నాకాకి సరిగ్గా ఎదురుగా ఉంది. అడ్డుకర్రలు రోడ్డు పక్కన అలాగే ఉన్నాయి. దుకాణం అతను మూకుట్లో జిలేబీ తిప్పుతూ మమ్మల్ని చూశాడు, నితిన్ తల్లిని గుర్తుపట్టి మంట తగ్గించాడు. అడగకముందే చెప్పేశాడు. "నిన్న సాయంత్రమే పోలీసులు వచ్చి కెమెరా డబ్బా ఊడదీసి పట్టుకుపోయారు." నిన్న సాయంత్రం రాంపాల్ తన సాబ్ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాడు. నిన్న సాయంత్రం నేను సోఫాలో కూర్చుని మా ఫ్లాట్ల గ్రూపులో మెసేజీలు చదువుతూ ఒళ్ళు మండించుకుంటున్నాను. నితిన్ తల్లి కౌంటర్ అంచు పట్టుకుంది. రాంపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నాకు ఆ అడ్డుకర్రల్ని తన్నాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియక నోట్లో ఏవేవో అనుకుంటూ నిలబడ్డాను. ఇంతకాలం తర్వాత, ఇన్ని ఫోన్లూ కెమెరాలూ వచ్చాక, మళ్ళీ ఒక్క పూట వెనకబడి నిలబడ్డాం.

ఆంటీ మాత్రం కౌంటర్ దగ్గరికి జరిగింది. రసీదు ఇచ్చారా అని అడిగింది. "పోలీసుల్ని రసీదు ఎవరడుగుతారు మాతాజీ?" అని నవ్వబోయి ఊరుకున్నాడతను. "సరే. అందులో ఏముందో నువ్వు చెప్పక్కర్లేదు. ఇక్కడ డబ్బా ఉండేది, వాళ్ళొచ్చి తీసుకుపోయారు. మేము రిపోర్టు ఇచ్చేటప్పుడు ఆ రెండు ముక్కలు మా వెంట వచ్చి చెప్పు. జరిగిందే కదా," అంది. అతను గంటె పక్కన పెట్టాడు, చేతులు తుడుచుకున్నాడు, నితిన్ తల్లి వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. నితిన్ తన దగ్గర రోజూ సమోసాలు తినేవాడని చెప్పాడు. మంచి పిల్లవాడన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "దుకాణం మా అన్నయ్య పేరు మీద ఉంది. ఊరెళ్ళాడు. ఆయన్ని ఒక్కసారి అడిగి చెబుతాను," అన్నాడు.

ఆంటీ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ తెలుగులో నాతో, "గా స్టూల్ ఇటు జరుపు పద్మా," అంది. జరిపాను. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, అతనితో హిందీలో అంది. "అడుగు నాయనా. ఇక్కడే, నా ముందే ఫోన్ చేసి అడుగు. నేను కూర్చుంటాను."

అతను మా నలుగురినీ ఒకసారి చూసి, ఫోన్ తీసి నంబరు నొక్కాడు.